ఏడో నంబరు టెర్మినల్

సావనీరుకు ఏదైనా రాసి పంపమని విద్యార్థి సంఘం కార్యదర్శి మూడుసార్లు ఫోన్ చేశాడు. "పాత విద్యార్థులంతా జ్ఞాపకాలే రాస్తున్నారు సార్, మీరు కొంచెం పనికొచ్చేది రాయండి" అన్నాడు. అబ్బాయి మాట సూటిగానే ఉంది. పాత విద్యార్థులు ఏం రాస్తారో నాకూ తెలుసు. క్యాంటీన్ చాయ్, హాస్టల్ నీళ్ల పప్పు, ఎలక్షన్ల గొడవ, చివర్లో ఆ రోజులు మళ్లీ రావని ఒక నిట్టూర్పు. అందుకని నేను ఒక మీట గురించి రాస్తాను. కీబోర్డు మీద కుడి పక్క పై మూలన ఉండే బ్యాక్‌స్పేస్ మీట. తప్పు కొట్టినప్పుడు దాన్ని నొక్కితే వెనకటి అక్షరం చెరిగిపోవాలి. అంతకు మించి దానికి ఉద్యోగం లేదు. ఆ ఒక్క ఉద్యోగమూ సరిగ్గా చేయని టెర్మినల్ ఒకటి మా ల్యాబులో ఉండేది. దాని వైద్యం నాకు తెలుసు. తెలిసీ ఒకడికి చెప్పలేదు. ఈ వ్యాసంలో పనికొచ్చే సంగతీ అదే, ఒప్పుకోవలసిన తప్పూ అదే.

1991లో ఆలంపూర్ నుంచి ఇద్దరం ఎం.సి.ఏ.లో చేరాం. అప్పుడు మాది మహబూబ్‌నగర్ జిల్లా. 2016 అక్టోబరు నుంచి జోగులాంబ గద్వాల జిల్లా అయింది. ఇద్దరిదీ ఒకే వీధి, ఒకే బడి. తుంగభద్ర దాటి రోజూ కర్నూలుకు బస్సులో వెళ్లి డిగ్రీ చదివాం. వాడు నాకన్నా ఆరు నెలలు పెద్ద, లెక్కల్లో నాకన్నా చాలా పెద్ద. పరీక్షల ముందు బాలబ్రహ్మేశ్వరుని గుడి ఆవరణలో నీడ చూసుకుని కూర్చునేవాళ్లం. నేను మూడుసార్లు చదివి పట్టుకునే లెక్కను వాడు ఒకసారి విని చేసేవాడు. ఇక్కడ వాడి పేరు రాయను. రాయొచ్చా అని అడిగితే, "నీ పేరు రాస్కో, నాదెందుకు?" అన్నాడు.

కాచిగూడలో రైలు దిగేనాటికి మేమిద్దరం కంప్యూటర్‌ను ఫోటోలో తప్ప చూడలేదు. మా క్లాసులో సగం మందికి టైపు లోయరో హయ్యరో పాసైన సర్టిఫికెట్లు ఉండేవి. వాళ్ల వేళ్లు కీబోర్డు మీద వాన పడ్డట్టు పడేవి. మావి చింతకాయ రాల్చినట్టు ఒక్కొక్కటే. పది అక్షరాలు కొడితే మూడు తప్పు. అంటే తుడుపు మీట అవసరం అందరికన్నా మాకే ఎక్కువన్నమాట. ఎవరికి ఎక్కువ అవసరమో వాళ్ల దగ్గరే అది మొండికేసింది.

ల్యాబులో ఒకే ఒక్క యూనిక్స్ యంత్రం ఉండేది. అద్దాల గదిలో, చల్లగా, మా అందరికన్నా మర్యాదగా బతికేది. దాని నుంచి తీగలు లాగి ఎనిమిది టెర్మినళ్లు పెట్టారు. టెర్మినల్ అంటే సొంత బుర్ర లేని తెర, దానికో కీబోర్డు. మనం కొట్టింది అటు పంపుతుంది, అటునుంచి వచ్చింది తెర మీద చూపిస్తుంది. ముప్పై రెండు మంది విద్యార్థులకు ఎనిమిది టెర్మినళ్లు. గంట సమయం దొరకడానికి రెండు గంటలు వరండాలో నిలబడాలి.

యూనిక్స్‌కు ఆ రోజుల్లో బోలెడన్ని చాదస్తాలు ఉండేవి. పొరపాటున క్యాప్స్ లాక్ నొక్కి ఉండగా పేరు కొట్టి లోపలికి వెళితే తెర మొత్తం పెద్దక్షరాల మయమైపోయేది. ఈ మనిషి దగ్గర చిన్నక్షరాలు లేని పాతకాలపు టెలిటైపు ఉంది కాబోలు అని యంత్రం జాలిపడేది. మా క్లాసులో ఒకడు సంకేతపదంలో నంబరు గుర్తు, అదే హాష్ గుర్తు పెట్టుకున్నాడు. పెట్టుకోవడం బాగానే పెట్టుకున్నాడు. మర్నాడు లోపలికి పోనిస్తే ఒట్టు. తర్వాత తెలిసిందేమంటే, పాత యూనిక్స్ వాకిట్లో ఆ గుర్తే తుడుపు గుర్తు. అది కొట్టగానే ముందున్న అక్షరం చెరిగిపోయేది. ఇంకొకడు షిఫ్ట్ బదులు కంట్రోల్ పట్టుకుని ఎస్ నొక్కాడు. తెర బిగుసుకుపోయింది. ఏం కొట్టినా ఉలుకూ లేదు, పలుకూ లేదు. అటెండరు వచ్చి వెనక స్విచ్చి ఆర్పి వెలిగించాడు. కంట్రోల్, క్యూ కలిపి నొక్కితే సరిపోయేదని ఆ రోజు ఆ గదిలో ఉన్నవాళ్లలో ఎవరికీ తెలియదు. తెలిసినవాళ్లు చెప్పలేదేమో కూడా.

ఏడు, ఎనిమిది నంబర్ల టెర్మినళ్లు వేరే రకానివి. తర్వాత కొన్నవి. ఎనిమిది ఎప్పుడూ రిపేరులోనే ఉండేది కాబట్టి దాని జోలికి పోను. ఏడో నంబరుది విచిత్రమైన జబ్బు. అక్షరాలన్నీ బాగానే పడేవి. బ్యాక్‌స్పేస్ నొక్కితే మాత్రం వెనకటి అక్షరం చెరగదు సరిగదా, నడుస్తున్న పని ఉన్నపళంగా ఆగిపోయేది. వి.ఐ. ఎడిటర్‌లో ప్రోగ్రాం రాస్తూ ఆ మీట నొక్కితే టక్‌మని శబ్దం వచ్చి, రాసే స్థితిలోంచి ఆజ్ఞలిచ్చే స్థితిలోకి పడిపోయేవాళ్లం. పడ్డ సంగతి మనకు తెలియదు. మనం అక్షరాలనుకుని కొట్టేవన్నీ వి.ఐ.కి ఆజ్ఞలు. రెండు డి.లు పడితే ఒక వరుస మాయం. పెద్ద జె. పడితే రెండు వరుసలు అతుక్కునేవి. అరగంట కష్టం అర నిమిషంలో చిందరవందర. అందుకని ఏడో నంబరు మీద ఎవరూ కూర్చునేవాళ్లు కాదు. వరండాలో పదిమంది నిలబడి ఉన్నా అది ఖాళీగా ఉండేది. "దానికి దయ్యం పట్టింది" అనేవాళ్లు.

రెండో సెమిస్టరులో ఒక సీనియర్ నాకు ఆ దయ్యాన్ని దించే మంత్రం చెప్పాడు. ఆయనకు నేను రికార్డు పుస్తకాలు కాపీ చేసి పెట్టేవాణ్ణి, ఆ కృతజ్ఞత. లోపలికి వెళ్లగానే ఎస్.టి.టి.వై. అని కొట్టి, ఖాళీ వదిలి ఇరేజ్ అని కొట్టి, మళ్లీ ఖాళీ వదిలి ఆ పాడు మీటకు ఏ సంఖ్య ఉందో అది రాయాలి. ఆపే పనిని కంట్రోల్-సి.కి అప్పగించాలి. ఒకే వరుస. చిన్న చీటీ మీద రాసి ఇచ్చాడు. ఇస్తూ, "ఎవరికీ చెప్పకు. చెప్పావంటే ఏడో నంబరు కూడా నిండిపోతుంది" అన్నాడు.

ఆ మాట నాకు బాగా నచ్చింది, అదే నా నేరం. ఆ రోజు నుంచి వరండాలో నిలబడాల్సిన పని నాకు లేకుండా పోయింది. నేరుగా వెళ్లి ఏడో నంబరు మీద కూర్చునేవాణ్ణి. దయ్యానికి భయపడని మొనగాడని పేరు కూడా వచ్చింది. లేచేటప్పుడు పనిగట్టుకుని బయటికి వచ్చేవాణ్ణి. బయటికి రాగానే టెర్మినల్ మళ్లీ పాత జబ్బుకు వచ్చేది. నా తర్వాత కూర్చున్నవాడు పది నిమిషాల్లో తిట్టుకుంటూ లేచేవాడు. మా వాడు ఒకసారి అడిగాడు కూడా. "నీకెట్ల పనిజేస్తది రా అది?" అని. "అలవాటు" అన్నాను. హాస్టల్లో ఒకే గదిలో ఉండేవాళ్లం. ఒకే ట్రంకు పెట్టె.

ఈ జబ్బు ఎందుకొస్తుందో చెప్తాను. ఇది తెలిస్తే సగం జబ్బులు పోతాయి.

మీట నొక్కితే తెర మీద అక్షరం పడుతుందని మనం అనుకుంటాం. నిజానికి మీట ఒక సంఖ్యను మాత్రం పంపుతుంది. మధ్యలో యూనిక్స్ లోపల ఒక గుమాస్తా కూర్చుని ఉంటాడు. మనం కొట్టే సంఖ్యలను వరుసగా రాసుకుంటూ, మనం ఎంటర్ నొక్కేదాకా ఆగి, అప్పుడు ఆ వరుసను ప్రోగ్రాముకు అందిస్తాడు. ఈ లోపల మనం దిద్దుకోవచ్చు. అతని దగ్గర ఒక పట్టీ ఉంటుంది. ఫలానా సంఖ్య వస్తే ఒక అక్షరం తుడువు, ఫలానా సంఖ్య వస్తే వరుసంతా కొట్టెయ్యి, ఫలానాది వస్తే నడిచే పని ఆపు అని. ఎస్.టి.టి.వై. అంటే ఆ పట్టీని చూపించేది, దిద్దేది. చివరి టి.టి.వై. అన్న మూడక్షరాలు టెలిటైపుకు పొట్టిపేరు. 1969లో బెల్ ల్యాబ్స్‌లో కెన్ థాంప్సన్, డెన్నిస్ రిచీ యూనిక్స్ మొదలుపెట్టిన రోజుల్లో వాళ్ల ముందున్నవి కాగితం మీద టకటకా కొట్టే టెలిటైపులు. కాగితం మీద పడ్డది చెరిగేది కాదు గనక, నంబరు గుర్తు కొడితే వెనకటి అక్షరం లేనట్టు లెక్క అనే ఒప్పందం పెట్టుకున్నారు.

తర్వాత తెరలు వచ్చాయి, తుడుపు మీటలు వచ్చాయి. కానీ తుడుపుకు ఏ సంఖ్య అన్న దగ్గర లోకం రెండుగా చీలింది. ఆస్కీ పట్టికలో 8 అంటే ఒక అడుగు వెనక్కి జరుగు అని అర్థం. 127 అంటే కొట్టివేత. 127కు ఒక కథ ఉంది. పాతకాలంలో కాగితపు పట్టీ మీద చిల్లులు పొడిచి అక్షరాలు రాసేవాళ్లు. అక్షరానికి ఏడు చోట్లు, కొన్నిట్లో చిల్లు, కొన్నిట్లో ఖాళీ. తప్పు పొడిస్తే చిల్లును పూడ్చలేరు కదా. అందుకని వెనక్కి జరిపి ఏడింటికి ఏడూ పొడిచేసేవాళ్లు. ఏడు చిల్లులూ ఉన్నచోటును యంత్రం దాటిపోతుంది. ఏడు ఒకట్లు పక్కపక్కన పెడితే 127. ఇది చదివినప్పుడు నాకు ఆలంపూర్ మ్యూజియంలోని శాసనాలు గుర్తొచ్చాయి. చిన్నప్పుడు ఆ రాతి అక్షరాలను వేలితో దిద్దేవాళ్లం. రాతి మీద పడ్డ తప్పును తుడవడం ఉండదు. చెక్కేస్తే గుంట మిగులుతుంది. 127 కూడా అలాంటి గుంటే.

కొన్ని టెర్మినళ్ల తుడుపు మీట 8 పంపేది. కొన్నిటిది 127. 1978లో వచ్చిన డెక్ వారి వి.టి.100 కీబోర్డు మీద రెంటికీ వేర్వేరు మీటలు ఉండేవి. 1983లో వచ్చిన వి.టి.220లో ఆ చోట ఒకే మీట, అది పంపేది 127. మా ల్యాబులో మొదటి ఆరు టెర్మినళ్లు 8 పంపేవి. గుమాస్తా పట్టీలో తుడుపు 8 అనే రాసి పెట్టారు. ఏడో నంబరు 127 పంపేది. సిస్టమ్ ఫైవ్ రకం యూనిక్స్‌లో, ఎవరూ మార్చకపోతే, 127 అంటే నడిచే పనిని ఆపెయ్యమని అర్థం. తుడవమని వీడు చెప్తే చంపమని వాడికి వినపడేది. దయ్యం లేదు, గియ్యం లేదు. మీటా బాగుంది, గుమాస్తా బాగున్నాడు, వేళ్లూ బాగున్నాయి. ఇద్దరి మధ్య ఒప్పందం కుదరలేదు, అంతే.

ఇక ప్రాక్టికల్ పరీక్ష సంగతి. 1992 వేసవి. చీటీలు వేసి టెర్మినళ్లు పంచారు. నాకు మూడు వచ్చింది. వాడికి ఏడు. వరండాలో నా పక్కనే నిలబడి చీటీ విప్పి, నవ్వి, "దయ్యమే దొరికింది రా" అన్నాడు. నా చొక్కా జేబులో సీనియర్ ఇచ్చిన చీటీ ఉంది. చెయ్యి జేబు దాకా పోయింది. వెనక పదిమంది నిలబడి ఉన్నారు. ఇప్పుడు ఇస్తే అందరూ చూస్తారు, ఇన్నాళ్లూ దాచానని వీడికి తెలుస్తుంది. లోపలికి పోయాక ఏదో వంకన చెప్దాంలే అనుకున్నాను. లోపలికి పోయాక మాట్లాడనివ్వరని నాకు తెలియదా? తెలుసు.

మూడు గంటల పరీక్షలో టక్‌మనే శబ్దం నాకు ఎన్నిసార్లు వినపడిందో లెక్క లేదు. ఏడో నంబరు నా వీపు వెనకే. ఒకసారి తిరిగి చూశాను. వాడు తెర వైపు చూడడం లేదు, తన చేతుల వైపు చూస్తున్నాడు. పర్యవేక్షకుడు పక్కనుంచి వెళ్తూ "చూసుకుని కొట్టవయ్యా" అన్నాడు. వాడు కాగితం మీద ప్రోగ్రాం మొత్తం తప్పు లేకుండా రాసుకున్నాడు, నేను తర్వాత చూశాను. తెర మీద మాత్రం అది ఎన్నడూ నిలవలేదు. నాకు ఆ పేపర్లో డెబ్బై ఎనిమిది మార్కులు వచ్చాయి. వాడు తప్పాడు.

సెలవులకు ఇద్దరం ఊరికి పోయాం. తిరిగి నేనొక్కణ్ణే వచ్చాను. వాడు రాలేదు. ఉత్తరం రాస్తే జవాబు రాలేదు. ట్రంకు పెట్టె నాకే మిగిలింది.

తర్వాత ముప్పై ఏళ్లు నేను ఈ టెర్మినళ్లతోనే బతికాను. బెంగుళూరు, పుణె, కొన్నాళ్లు విదేశం. టెర్మినల్ అనే వస్తువు బల్లల మీది నుంచి పోయింది. అది ఇప్పుడు తెర మీద ఒక నల్లటి కిటికీ. కానీ లోపలి గుమాస్తా ఎక్కడికీ పోలేదు. నేటి లినక్స్‌లోనూ అతనే, అదే పట్టీ. మేడలు మారినా పటేల్ పట్వారీలు మారనట్టు అనుకోండి. ఉద్యోగంలో ఎందరో కుర్రవాళ్ల టెర్మినళ్లు బాగుచేశాను, నేర్పాను. అలా నేర్పిన ప్రతిసారీ ఆ టక్‌మనే శబ్దం వెనక నుంచి వినపడేది. ఊరికి వెళ్లినప్పుడు వాణ్ణి కలిసేవాణ్ణి. పొలం, పిల్లలు, వానలు మాట్లాడుకునేవాళ్లం. 2009 అక్టోబరు తుంగభద్ర వరదలో ఊరు మునిగినప్పుడు వాడి జిరాక్స్ దుకాణంలో సామానంతా పోయింది. అప్పుడు కూడా వెళ్లాను. కానీ ఏడో నంబరు మాట మాత్రం ఎత్తలేదు.

2022 దసరాకు జోగులాంబ అమ్మవారి ఉత్సవాలు చూద్దామని వెళ్లాను. బస్టాండు దగ్గర వాడి దుకాణంలో కూర్చుంటే వాడి కూతురు ల్యాప్‌టాప్ పట్టుకుని వచ్చింది. ఇంజనీరింగు రెండో సంవత్సరం. కాలేజీ సర్వరుకు ఇంటి నుంచే కనెక్టయి అసైన్‌మెంట్లు చేస్తోంది.

"చిన్నాయనా, ఒక్క నిమిషం చూడు. నా ప్రోగ్రాంలో తప్పేంటో రెండ్రోజుల్నుంచి దొరుకుతలేదు" అంది.

ప్రోగ్రాం చిన్నదే. పేరు అడుగుతుంది, జాబితాలో వెతుకుతుంది. సరిగ్గా కొట్టిన పేరు దొరుకుతోంది. మధ్యలో తప్పు కొట్టి దిద్దితే మాత్రం దొరకడం లేదు. దిద్దమన్నాను. బ్యాక్‌స్పేస్ నొక్కింది. అక్షరం చెరగలేదు. దాని పక్కన ఒక టోపీ గుర్తు, ఒక హెచ్ పడ్డాయి.

"అది అట్లనే పడ్తది, నేను పట్టించుకోలే" అంది. "ప్రోగ్రాంలోంచి బయటికొస్తే బ్యాక్‌స్పేస్ మంచిగనే ఉంటది. నా ప్రోగ్రాంలోనే ఏదో తప్పుంది."

నాకు గుండె ఆగినంత పనైంది. ముప్పై ఏళ్లయినా, తరం మారినా, అదే మాట. తప్పు నాదే.

"నీ ప్రోగ్రాంలో తప్పేం లేదమ్మా" అన్నాను. ఆ టోపీ-హెచ్ అంటే కంట్రోల్-హెచ్. కంట్రోల్ పట్టుకుని అక్షరం నొక్కితే ఆ అక్షరం వరుస సంఖ్య వెళ్తుంది. ఏ.కు 1, సి.కి 3, హెచ్.కు 8. అంటే ఆమె కిటికీ 8 పంపుతోంది. అటు సర్వరులోని గుమాస్తా 127 కోసం ఎదురుచూస్తున్నాడు. 8 వస్తే అదీ ఒక అక్షరమే అనుకుని పేరులో కలిపేస్తున్నాడు. అలాంటి పేరు జాబితాలో ఎందుకుంటుంది? మరి ప్రోగ్రాం బయట ఎందుకు బాగుంది? బయట ఆజ్ఞలు తీసుకునే బ్యాష్ షెల్లుకు సొంత దిద్దుబాటు ఉంది. అది 8నీ ఒప్పుకుంటుంది, 127నీ ఒప్పుకుంటుంది. ఆమె రాసిన ప్రోగ్రాముకు ఆ తెలివి లేదు, గుమాస్తా ఇచ్చిందే తీసుకుంటుంది. బయట బాగుండి లోపల పాడైతే జబ్బు మధ్యవాడి పట్టీలో ఉందని గుర్తు.

కనెక్టయ్యే సాఫ్ట్‌వేర్ సెట్టింగుల్లో కీబోర్డు దగ్గరికి వెళ్లి బ్యాక్‌స్పేస్‌ను 127కు మార్చమన్నాను. మార్చి మళ్లీ కనెక్టయింది. అక్షరం చెరిగింది. అమ్మాయి "అరె" అంది, అంతే.

వాడు జిరాక్స్ మిషను దగ్గర నిలబడి ఇదంతా వింటున్నాడు. ఆపిన కాగితాలు ఆపినట్టే చేతిలో ఉన్నాయి.

"ఆ ఏడో నంబరుదిగూడ ఇదేనా రా?" అన్నాడు.

"ఇదే."

"నీకు అప్పుడు తెల్సా?"

దుకాణంలో అమ్మాయి ఉంది. ఇద్దరు గిరాకీలు ఉన్నారు. ఈసారి వెనక ఎంతమంది నిలబడ్డారో చూసుకోలేదు. "తెలుసు. చీటీ జేబులోనే ఉండె" అన్నాను. నా నోట్లోంచి కూడా ఊరి మాటే వచ్చింది.

వాడు చాలాసేపు ఏమీ అనలేదు. గిరాకీల కాగితాలు తీసిచ్చి, చిల్లర లెక్కపెట్టి ఇచ్చి, వచ్చి నా ఎదురుగా కూర్చున్నాడు.

"నేను సదువు మానింది దాని గురించి గాదు రా. మా నాయన ఆ ఎండకాలమే మంచాన బడె. మడి జూస్కునేటోడు లేకపాయె. పరీక్ష పాసైనా గూడ నేనొచ్చేటోణ్ణి గాదు. నువ్వు ఇన్నేండ్లు అదొకటి నెత్తిన మోస్తుంటివా?" అన్నాడు. నాకు ఒక్కసారి తేలికైంది. కానీ వాడి మాట అయిపోలేదు. "అది గాదు బాధ. నా చేతులే పనికిరావు అనుకుంటి రా నేను. ఇది మనసొంటోళ్లతోని అయ్యేది గాదు అనుకుంటి. ముప్పై ఏండ్లు. ఈ దుకాణంల కంప్యూటర్ గూడ ఆరేండ్లు ముట్టలే, పిల్లగాన్ని పెట్టుకుంటి. నువ్వొక్క మాట జెప్పింటే మడి కాడికే పోయేటోణ్ణి గాని, ఆ మాట అనుకోకుండ పోయేటోణ్ణి."

నేను ఏం చెప్పగలను? చాయ్ వచ్చింది, తాగాం. సాయంత్రం వాడే నడుద్దాం రమ్మన్నాడు. కూడవెల్లి సంగమేశ్వరుని గుడి దాకా పోయాం. శ్రీశైలం జలాశయంలో మునిగిపోతుందని కూడవెల్లి నుంచి విప్పి తెచ్చి ఆలంపూర్‌లో మళ్లీ కట్టిన గుడి అది. "రాళ్లకు అంకెలేసి ఇప్పినారంట, మా నాయన జెప్తుండె" అన్నాడు వాడు. గోడ మీద చెయ్యి పెట్టి, "విప్పినోడు ఎనిమిదని రాస్తే, కట్టేటోడు ఇంకోటి అనుకుంటే ఏమైతుండె?" అని నా వైపు చూసి నవ్వాడు. నా పాఠం మొత్తం వాడికి ఒక్కసారి వినగానే వచ్చేసింది. లెక్కల్లో వాడు ఎప్పుడూ అంతే.

దుకాణానికి తిరిగొచ్చేసరికి అమ్మాయి నోటుబుక్కులో అంతా రాసుకుని ఉంది. ఇంకేమైనా ఉంటే చెప్పమంది. చెప్పాను. రాసుకుని, ఫోటో తీసి, వాళ్ల క్లాసు వాట్సాప్ గ్రూపులో పెట్టేసింది. అరవై మందికి ఒక్క నిమిషంలో చేరిపోయింది. "మీ సర్ ఏమనడా?" అని వాళ్ల నాయన అడిగితే, "ఏమంటడు? సర్ గూడ గ్రూపులో ఉన్నడు" అంది.

ఆ పేజీకి నకలు కింద ఇస్తున్నాను. కార్యదర్శి గారు అడిగిన పనికొచ్చే భాగం ఇదే.

ఏ మీటైనా తిక్కగా ఉంటే ముందు అది ఏం పంపుతోందో చూడండి. కంట్రోల్-వి. నొక్కి, వదిలి, ఆ మీట నొక్కండి. టోపీ-హెచ్ పడితే 8. టోపీ పక్కన ప్రశ్నార్థకం పడితే 127. తర్వాత ఎస్.టి.టి.వై. అని కొట్టి, ఖాళీ, ఒక చిన్న గీత, ఏ. అని కొట్టండి. గుమాస్తా పట్టీ మొత్తం కనిపిస్తుంది. అందులో ఇరేజ్ అన్నచోట ఏముందో చూడండి. రెండూ ఒకటి కాకపోతే, ఎస్.టి.టి.వై. ఇరేజ్ అని కొట్టి, ఖాళీ వదిలి, కంట్రోల్-వి. నొక్కి, ఆ మీటనే నొక్కి, ఎంటర్ కొట్టండి. ఒప్పందం కుదురుతుంది.

తెర బిగుసుకుపోతే స్విచ్చి ఆర్పకండి. కంట్రోల్-క్యూ. నొక్కండి. మీకు తెలియకుండానే కంట్రోల్-ఎస్. పడి ఉంటుంది. పాత టెలిటైపుల్లో కాగితపు పట్టీని ఆపడానికి, నడపడానికి ఆ రెండూ వాడేవాళ్లు, ఆ అలవాటు ఇంకా మిగిలింది.

మీరు కొట్టేది మీకే కనపడకపోతే, లేదా తెర మీద పిచ్చిగీతలు పడుతుంటే, కనపడకపోయినా ధైర్యంగా కంట్రోల్-జె. నొక్కి, రీసెట్ అని కొట్టి, మళ్లీ కంట్రోల్-జె. నొక్కండి. ఎంటర్ ఎందుకు కాదంటే, అలాంటప్పుడు ఒక్కోసారి ఎంటర్ పంపే సంఖ్యను కూడా గుమాస్తా గుర్తుపట్టడు. కంట్రోల్-జె.ని తప్పకుండా పడతాడు.

ఒక సర్వరులో బాగుండి ఇంకొక దాంట్లో బాణం మీటలూ, ఎడిటర్లూ తిక్క చేస్తే టర్మ్ అనే చలరాశి ఏముందో చూడండి. మీ కిటికీ పేరు ఆ సర్వరుకు తెలియకపోవచ్చు. దానికి తెలిసిన పాత పేరు, వి.టి.100 అని పెట్టినా చాలావరకు పని జరుగుతుంది.

తెలుగులో కొడుతున్నప్పుడు ఒక్క అక్షరానికి మూడు దెబ్బలు పడితే భయపడకండి. యు.టి.ఎఫ్.-8లో మన ప్రతి గుర్తూ మూడు బైట్లు. స్త్రీ అన్న ఒక్క అక్షరంలో అలాంటి గుర్తులు ఆరు, మొత్తం పద్దెనిమిది బైట్లు. పట్టీలో ఐ.యు.టి.ఎఫ్.8 అన్నది లేకపోతే గుమాస్తా బైటు బైటుగా తుడుస్తాడు. అది పెట్టండి.

చివరిది, ఈ పేజీని జేబులో పెట్టుకోకండి. ల్యాబు తలుపుకు అతికించండి. ఈ సావనీరు అచ్చయ్యాక రెండు కాపీలు ఆలంపూర్‌కు పంపమని కార్యదర్శికి చెప్పాను. ఒకటి అమ్మాయికి. ఇంకొకటి వాడికి, జిరాక్స్ తీసుకోవడానికి.